కంప్యూటర్ క్లినిక్: ప్రాసెసర్ వేడెక్కిపోతుంటే...

ఈసారి శీర్షిక మొత్తం ఒకే సమస్యకు కేటాయిస్తున్నాం. డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ అతిగా వేడెక్కడం. చాలామంది "నా సీపీయూ 90 చూపిస్తోంది, ఏం చేయాలి?" అని అంకె ఒక్కటే రాస్తున్నారు. ఆ అంకెతోనే రోగం తేలదు. వేడి ఎంతసేపట్లో ఎక్కింది, పని ఆపగానే ఎంతసేపట్లో దిగింది, ఆ సమయంలో ఫ్యాన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఈ మూడూ తెలిస్తే క్యాబినెట్ మూత తీయకముందే సగం జాడ దొరుకుతుంది. ఉష్ణోగ్రతలన్నీ సెంటీగ్రేడ్‌లోనే ఇస్తున్నాం.

ప్రశ్న: కంప్యూటర్ కొని నాలుగేళ్లయింది. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చిన కూలరే వాడుతున్నాను. గేమ్ మొదలుపెట్టగానే 95 దాటుతోంది, ఆట ఆగి ఆగి నడుస్తోంది. దుమ్మంతా దులిపాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఇంకేం చూడాలి?

జవాబు: "మొదలుపెట్టగానే" అని రాశారు చూడండి, మీ సమస్యకు ఆనవాలు ఆ మాటలోనే ఉంది. ప్రాసెసర్‌లో పుట్టిన వేడి ముందు దాని పైనున్న లోహపు మూతకు, అక్కణ్నుంచి థర్మల్ పేస్ట్ (రెండింటి మధ్య వేడిని పంపే ముద్ద) గుండా కూలర్ అడుగుకు, ఆపైన రెక్కలకు, రెక్కల నుంచి క్యాబినెట్‌లోని గాలికి, చివరకు వెనక ఫ్యాన్ ద్వారా బయటికి పోతుంది. దారిలో ఎక్కడ అడ్డుపడిందో ఉష్ణోగ్రత ఎక్కే వేగమే చెబుతుంది. కూలర్ అంటే వందల గ్రాముల లోహం. దాన్ని వేడెక్కించడానికి నిమిషాలు పడుతుంది. రెండు మూడు సెకన్లలోనే 45 నుంచి 95కి ఎగబాకిందంటే ఆ వేడి కూలర్‌లోకి వెళ్లనే లేదన్నమాట.

అనుమానం తీరాలంటే ఇలా పరీక్షించండి. ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ తెరిచి అందులో సెన్సర్ల పట్టిక మాత్రమే కనిపించేలా పెట్టండి. మిగతావన్నీ మూసేసి పది నిమిషాలు ఊరికే ఉంచి ఉష్ణోగ్రత రాసుకోండి. గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. కూలర్ ప్రాసెసర్‌ను ఎప్పుడూ గది వేడి కన్నా ఇన్ని డిగ్రీలు పైన మాత్రమే ఉంచగలదు. గది 10 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఆ తర్వాత ప్రాసెసర్‌ను పూర్తిగా పనిలో పెట్టే సినీబెంచ్ సాఫ్ట్‌వేర్‌లో అన్ని కోర్ల పరీక్ష నడిపి 5 సెకన్లకు, 1 నిమిషానికి, 5 నిమిషాలకు, 15 నిమిషాలకు అంకెలు చూడండి. ఆపాక ఎంతసేపట్లో దిగిందో కూడా గమనించండి.

ఆరోగ్యంగా ఉన్న ప్రాసెసర్ కూడా పని మీద పడగానే 15–25 డిగ్రీలు ఒక్కసారి ఎక్కుతుంది. దానికి కంగారు పడొద్దు. ఆ తర్వాత నెమ్మదిగా ఎక్కి ఒకచోట నిలబడాలి. అలా నిలబడకుండా క్షణాల్లో హద్దును (ప్రాసెసర్ తనంతట తనే నెమ్మదించే ఉష్ణోగ్రతను) తాకి, ఆపగానే క్షణాల్లో కిందికి పడితే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య అతుకు సరిగా లేదు. మూడు నాలుగు నిమిషాలు ఎక్కుతూ పోయి హద్దు దగ్గర ఆగితే అతుకు బాగానే ఉంది, కూలర్ చాలడం లేదు. రెక్కలు పూడుకుపోయి ఉండొచ్చు, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ ఉండొచ్చు, లేదా ప్రాసెసర్ ఆ కూలర్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు తాగుతూ ఉండొచ్చు. పావుగంట, ఇరవై నిమిషాల పాటు ఎక్కుతూనే ఉంటే క్యాబినెట్‌లో వేడిగాలి సుడి తిరుగుతోంది. అప్పుడు పక్క పలక తీసి మళ్లీ నడపండి. 5 డిగ్రీలకు మించి తగ్గితే లోపం గాలి రాకపోకల్లోనే.

ఇంకో తేలిక పరీక్ష కూడా ఉంది. ప్రాసెసర్ 95 చూపిస్తుండగా కంప్యూటర్ ఆపేసి, ఫ్యాన్ పూర్తిగా ఆగాక, కూలర్ రెక్కలను ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్నచోట వేలితో మెల్లగా తాకండి. లోపల అంత వేడి ఉండి రెక్కలు గోరువెచ్చగానే ఉన్నాయంటే ఇక సందేహమే లేదు.

మీ విషయంలో పేస్ట్ ఎండిపోయి ఉండాలి, లేదా కూలర్‌ను పట్టి ఉంచే నాలుగు పిన్నుల్లో ఒకటి పైకి లేచిపోయి ఉండాలి. ఒక్క మూల లేచినా కూలర్ వాలిపోతుంది, ఆ మూల కింద గాలి చేరుతుంది. నాలుగేళ్ల పాత కూలర్లో రెండూ జరిగేవే. అన్నట్టు, దుమ్ము సంగతి కూడా ఇంకోసారి చూడండి. పైనుంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది. ఫ్యాన్‌ను ఊడదీస్తే దాని కింద, రెక్కల మీద కంబళి ముక్కలాంటి పొర పేరుకుని ఉంటుంది. బ్లోయర్ పైనుంచి కొడితే అది ఇంకా లోపలికి దిగబడుతుందే తప్ప ఊడిరాదు.

ప్రశ్న: థర్మల్ పేస్ట్ మార్చడం సొంతంగా చేసుకోవచ్చా? ఎంత వేయాలి? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోలా చూపిస్తున్నారు.

జవాబు: చేసుకోవచ్చు. పేస్ట్ ఎందుకో ముందు తెలిస్తే ఎంత వేయాలన్న సందేహం దానంతటదే తీరుతుంది. ప్రాసెసర్ మూత, కూలర్ అడుగు చూడ్డానికి నున్నగా ఉన్నా వాటి మీద కంటికి కనిపించని గుంతలు ఉంటాయి. ఆ గుంతల్లో గాలి ఉంటుంది. గాలి కన్నా పేస్ట్ వేడిని వంద రెట్లకు పైగా బాగా పంపుతుంది. కానీ రాగి అదే పనిని పేస్ట్ కన్నా పదుల రెట్లు బాగా చేస్తుంది. అందుకే పేస్ట్ గాలి ఉన్న చోటును నింపాలి గానీ, లోహం లోహాన్ని తాకే చోట అడ్డుగా నిలవకూడదు.

కావాల్సినవి పేస్ట్ ట్యూబు ఒకటి (ఒక గ్రాము ఉన్నా ఒకటి రెండుసార్లకు సరిపోతుంది), 90 శాతం లేదా అంతకన్నా గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ, స్క్రూడ్రైవర్. కంప్యూటర్‌ను పది నిమిషాలు ఏదో ఒక పని చేయించి వెచ్చబరచండి. ఎండిన పేస్ట్ కాస్త మెత్తబడుతుంది. తర్వాత ఆపేసి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోగొట్టండి. కూలర్ ఫ్యాన్ తీగను మదర్‌బోర్డు నుంచి ముందే ఊడదీయండి. చాలామంది ఇది మరిచిపోయి కూలర్‌తో పాటు తీగనూ లాగేస్తారు.

ఇక్కడ ఒక పెద్ద హెచ్చరిక. మీది ఏఎండీ ఏఎం4 సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) అయితే కూలర్‌ను నిటారుగా పైకి లాగొద్దు. ఆ ప్రాసెసర్‌కు అడుగున పిన్నులుంటాయి. పట్టేసిన పేస్ట్ వల్ల లాకు వేసి ఉన్న సాకెట్ నుంచి కూడా ప్రాసెసర్ కూలర్‌కు అతుక్కుని ఊడి వస్తుంది. పిన్నులు వంగితే ఇక అదో పెద్ద పని. కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ పట్టు వదిలాకే ఎత్తండి. ఏఎం5లోనూ ఇంటెల్ సాకెట్లలోనూ ప్రాసెసర్‌ను లోహపు చట్రం నొక్కి పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ ప్రమాదం లేదు.

పాత పేస్ట్‌ను రెండు వైపులా తుడిచి, కొత్త గుడ్డతో ఆల్కహాల్ మరోసారి రుద్ది, ఆరనివ్వండి. ఆ తర్వాత ఆ లోహాన్ని వేలితో తాకొద్దు. ప్రాసెసర్ మూత మధ్యలో బఠాణీ గింజంత చుక్క, అంటే 4–5 మిల్లీమీటర్లు, పెడితే చాలు. ఇంటెల్ 12వ తరం నుంచి ప్రాసెసర్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి పొడుగు వైపున సన్నని గీత గీస్తే ఇంకా బాగా పరుచుకుంటుంది. మిగతాది కూలర్ ఒత్తిడే చూసుకుంటుంది. పేస్ట్ కొద్దిగా ఎక్కువైతే పక్కలకు కారి చూడ్డానికి బాగుండదంతే, వేడి పెద్దగా పెరగదు. తక్కువైతేనే ఇబ్బంది. మూలల్లో గాలి మిగిలిపోతుంది.

కూలర్‌ను నిటారుగా దించండి. ఒకసారి ఆన్చాక ఎత్తి మళ్లీ పెట్టొద్దు, బుడగలు చేరతాయి. అలా ఎత్తాల్సివస్తే తుడిచేసి కొత్తగా వేయండి. మరలుంటే ఒక్కోదాన్ని రెండేసి చుట్లు చొప్పున, ఒక మూల తర్వాత దాని ఎదుటి మూల బిగించండి. ఒకదాన్ని పూర్తిగా బిగించాక రెండోదానికి పోతే కూలర్ వాలి పేస్ట్ ఒక పక్కకే పోతుంది.

ఇంటెల్ డబ్బా కూలర్ నొక్కుడు పిన్నులతో తప్పులు ఎక్కువగా జరుగుతాయి. పిన్ను తల మీదున్న బాణం గుర్తు పట్టు వదిలించే దిశ, బిగించే దిశ కాదు. తీయడానికి బాణం వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి. మళ్లీ బిగించే ముందు ఆ తలను వెనక్కి తిప్పి మొదటి స్థితికి తేవాలి. అది మరిచిపోతే ఎంత నొక్కినా పట్టదు. ఎదురెదురు మూలలను జతగా టక్కుమనే దాకా నొక్కండి. తర్వాత మదర్‌బోర్డు వెనక చూడండి. నాలుగు రంధ్రాల్లోనూ చీలిక కాళ్లు విచ్చుకుని వాటి నడుమ పిన్ను కొస పొడుచుకు వచ్చి కనిపించాలి. ఒక్కచోట కనిపించకపోయినా మళ్లీ చేయాల్సిందే.

కొత్త కూలర్ అయితే అడుగున అంటించిన పారదర్శకమైన ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి. పేస్ట్‌కు బదులు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) జోలికి మాత్రం మొదటిసారే పోవద్దు. అందులోని గాలియం అల్యూమినియంను తినేస్తుంది. కరెంటును పంపే పదార్థం కాబట్టి ఒక చుక్క బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

ప్రశ్న: ఉష్ణోగ్రతలు చూపే సాఫ్ట్‌వేర్‌లో ఒక వరుస ఎప్పుడూ 127 డిగ్రీలే చూపిస్తోంది. మిగతావి 40 లోపే ఉన్నాయి. భయమేస్తోంది.

జవాబు: భయం అక్కర్లేదు. మదర్‌బోర్డు చిప్‌కు సెన్సర్ తగిలించని దారులు కొన్ని ఉంటాయి. అవి ఖాళీగా ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్ 127 లాంటి కదలని అంకె చూపిస్తుంది. పని పెట్టినా ఆపినా మారని అంకె ఉష్ణోగ్రత కాదు. ప్రాసెసర్ వేడి కోసం ఇంటెల్‌లో "సీపీయూ ప్యాకేజ్", ఏఎండీలో "టీడై" లేదా "టీసీటీఎల్" అన్న వరుసలు చూడండి. ఏఎండీ పాత రైజెన్ ప్రాసెసర్లలో కొన్ని, ఉదాహరణకు 1800ఎక్స్, టీసీటీఎల్‌ను అసలు వేడి కన్నా 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తాయి. ఫ్యాన్‌లను ముందుగానే పరుగెత్తించడానికి తయారీదారే అలా పెట్టాడు. అలాంటి వాటిలో టీడైనే నమ్మండి.

ప్రశ్న: మదర్‌బోర్డు, ప్రాసెసర్ మార్చి ఐ5-12400 వేసుకున్నాను. ఆరో తరం ప్రాసెసర్ మీద ఏళ్ల తరబడి చక్కగా పనిచేసిన పాత టవర్ కూలర్‌నే పెట్టాను. ఇప్పుడు 100 తాకుతోంది. రెండూ 65 వాట్లవే కదా?

జవాబు: రెండు తేడాలున్నాయి. మొదటిది, ఆరో తరం సాకెట్‌లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. 12400 కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో అది 78. పాత బ్రాకెట్‌ను లాగి పీకి ఎక్కించినా కాళ్లు పక్కకు వాలతాయి. కొన్ని బోర్డుల్లో రెండు కొలతలకూ రంధ్రాలుంటాయి. వాటిలో పాత బ్రాకెట్ సులువుగానే ఎక్కుతుంది, అదే మోసం చేస్తుంది. ఎందుకంటే కొత్త సాకెట్‌లో ప్రాసెసర్ మూత పాతదాని కన్నా కాస్త కిందికి ఉంటుంది. ఒక మిల్లీమీటరు లోపే తేడా. అయినా స్ప్రింగుల ఒత్తిడి తగ్గడానికి అది చాలు. కూలర్ ఎక్కింది, కదలడం లేదు అనిపిస్తుంది, అడుగున మాత్రం పట్టు ఉండదు. కూలర్ తీసి పేస్ట్ పరుచుకున్న తీరు చూస్తే తెలిసిపోతుంది. మధ్యలో పలుచగా, చుట్టూ సమంగా ఉండాల్సింది పోయి ఎక్కడో ఒక మందపాటి ముద్ద కనిపిస్తుంది. మీ కూలర్ తయారీదారు దగ్గర ఎల్‌జీఏ 1700 బిగింపు కిట్ విడిగా దొరుకుతుందేమో కనుక్కోండి. అది వేస్తే పాత కూలర్ నిక్షేపంలా పనికొస్తుంది.

రెండోది, 65 వాట్లు అన్నది మూల వేగం దగ్గరి మాట. 12400 టర్బోలో, అంటే తనంతట తాను వేగం పెంచుకున్నప్పుడు, 117 వాట్ల దాకా పోతుంది. టవర్ కూలర్‌కు అది బరువేమీ కాదు, కాబట్టి మీ ముద్దాయి బ్రాకెట్టే.

ప్రశ్న: ఏ పనీ చేయకపోయినా 60–65 దగ్గరే ఉంటోంది. ఇది మామూలేనా?

జవాబు: ముందు నిజంగా ఏ పనీ లేదేమో చూడాలి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వరుస మీద నొక్కి ఎక్కువ వాడేవి పైకి వచ్చేలా పెట్టండి. అప్‌డేట్లు, ఫైళ్ల సూచిక తయారీ, యాంటీవైరస్ స్కాన్, వదిలేసిన బ్రౌజర్ ట్యాబ్‌లు మామూలుగా కనిపించేవి. ఫ్యాన్ హోరు పెట్టి, టాస్క్ మేనేజర్ తెరవగానే సద్దుమణిగితే అనుమానించండి. దొంగచాటుగా క్రిప్టో తవ్వే మాల్వేర్‌లు కొన్ని తమను ఎవరైనా చూస్తున్నారని పసిగట్టి ఆగిపోతాయి. వాడకం 2–3 శాతమే ఉంటే విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ కనీస స్థితి 100 శాతం మీద ఉందేమో చూసి 5కి దించండి. ఆ తర్వాత బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఫ్యాన్ వేగాల గీత చూడండి. నిశ్శబ్దం కోసం 60 దాకా ఫ్యాన్ దాదాపు తిరగకుండా పెట్టిన బోర్డులుంటాయి. అప్పుడు 60 అన్నది లోపం కాదు, మీ బోర్డు ఎంచుకున్న పద్ధతి. రైజెన్‌లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా చిన్న పనులకు ఒక్క కోర్‌ను క్షణంపాటు పరుగెత్తించి 10–15 డిగ్రీలు ఎగిరి దిగుతుంటాయి. దానికి తగ్గట్టు ఫ్యాన్ కూడా పెరుగుతూ తగ్గుతూ చిరాకు పెడుతుంటే బయోస్‌లో ఫ్యాన్ స్పందనకు నాలుగైదు సెకన్ల ఆలస్యం పెట్టండి.

ప్రశ్న: ఐదేళ్ల నాటి లిక్విడ్ కూలర్. ఉన్నట్టుండి 100 కొడుతోంది. రేడియేటర్ ఫ్యాన్లు బాగానే తిరుగుతున్నాయి. పేస్ట్ మార్చినా తేడా లేదు.

జవాబు: ఈ రకంలో పంపు ద్రవాన్ని ప్రాసెసర్ మీంచి గొట్టాల గుండా రేడియేటర్‌కు తిప్పుతుంది. రేడియేటర్‌ను, రెండు గొట్టాలను చేత్తో తాకి చూడండి. పంపు పనిచేస్తుంటే కాసేపటికి రెండు గొట్టాలూ ఇంచుమించు ఒకే వెచ్చదనంలో ఉంటాయి, రేడియేటర్ గుండా వెచ్చని గాలి వస్తుంది. ప్రాసెసర్ 100 మీద ఉండగా రేడియేటర్ చల్లగా ఉంటే, లేదా పంపు దగ్గర ఒక గొట్టం మొదలు వేడిగా ఉండి రెండోది చల్లగా ఉంటే, ద్రవం కదలడం లేదు. బయోస్‌లో పంపు వేగం చూడండి. సున్నా అయితే ముందు తీగ సరిగా ఉందో చూడండి. పంపు తీగను ఫ్యాన్‌లా వేడిని బట్టి మారే వేగానికి కాకుండా ఎప్పుడూ పూర్తి వేగానికి పెట్టాలి. వేగం సరిగా చూపిస్తూనే ద్రవం కదలడం లేదంటే లోపలి సన్నని కాలువలు మడ్డితో పూడుకుని ఉండాలి, లేదా గాలి చేరి ఉండాలి.

ఏళ్లు గడిచేకొద్దీ గొట్టాల గోడల గుండా ద్రవం కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. ఆ ఖాళీలోకి వచ్చిన గాలి వ్యవస్థలో అన్నిటికన్నా ఎత్తయిన చోటికి చేరుతుంది. ఆ చోటు పంపే అయితే అది గాలిని చిలుకుతూ గులగులమంటుంది, వేడి ఎక్కుతుంది, చివరికి పాడవుతుంది. అందుకే రేడియేటర్ పై అంచు పంపు కన్నా ఎత్తులో ఉండాలి. మీది క్యాబినెట్ అడుగున బిగించి ఉంటే పైకి మార్చి చూడండి. క్యాబినెట్‌ను అటూ ఇటూ వాల్చి కాసేపు నడిపితే బుడగ రేడియేటర్‌లోకి పోయి ఇంకొన్నాళ్లు పనిచేయొచ్చు. ద్రవం నింపే మూత లేని రకమైతే విప్పడానికి ప్రయత్నించకండి, మార్చేయడమే మేలు. ఐదేళ్లు పనిచేసిన పంపు దాని కాలం అది చేసినట్టే.

ప్రశ్న: ప్రాసెసర్ 68 డిగ్రీలు కూడా దాటడం లేదు. అయినా వీడియో ఎడిటింగ్‌లో పది నిమిషాలకు వేగం సగానికి పైగా పడిపోతోంది. డబ్బా కూలర్ తీసేసి లిక్విడ్ కూలర్ పెట్టినప్పటి నుంచే ఇలా ఉంది. మంచి కూలర్ పెడితే నెమ్మదించడమేంటి?

జవాబు: ఇది చాలామందికి తట్టని కోణం. ప్రాసెసర్ పక్కనే దానికి కరెంటు సరఫరా చేసే వీఆర్‌ఎం భాగాలుంటాయి. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు పైచిలుకుకు దించేది అవే. ఆ పనిలో అవీ బాగా వేడెక్కుతాయి. డబ్బా కూలర్ గాలిని కిందికి ఊదుతుంది కాబట్టి ఆ గాలి పక్కలకు పారి వీఆర్‌ఎంను కూడా చల్లబరిచేది. లిక్విడ్ కూలర్ ప్రాసెసర్ మీద పంపును మాత్రమే పెడుతుంది, అక్కడ గాలి కదలికే ఉండదు. వీఆర్‌ఎం తన హద్దు దాటగానే బోర్డు ప్రాసెసర్‌ను నెమ్మదించమని ఆజ్ఞ ఇస్తుంది. ప్రాసెసర్ చల్లగా ఉండి కూడా వేగం పడిపోవడానికి కారణమిదే.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో "వీఆర్‌ఎం" లేదా "మాస్" అన్న వరుస ఉంటే అది 100 దాటుతోందేమో చూడండి. ఆ సెన్సర్ లేని బోర్డుల్లో ప్రాక్‌హాట్ (వేడెక్కిందన్న హెచ్చరిక) వరుస "యెస్" అని మారే క్షణం, వేగం పడే క్షణం ఒకటేనా అని చూడండి. సులువైన రుజువు మరొకటి ఉంది. పక్క పలక తీసి ఒక చిన్న 80 లేదా 92 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ను ఆ భాగం మీదికి ఊదేలా పెట్టి అదే పని మళ్లీ చేయించండి. వేగం నిలబడితే రోగం అదే. శాశ్వతంగా క్యాబినెట్ పైభాగంలో వెనక వైపు, వీఆర్‌ఎంకు దగ్గరగా ఒక ఫ్యాన్ బిగించుకోవచ్చు. చిన్న బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ పెట్టినవాళ్లు మాత్రం కింది జవాబులో చెప్పే వాట్ల హద్దు కూడా తగ్గించుకోవాలి.

ప్రశ్న: కొత్త రైజెన్ 7000, పెద్ద కూలర్. అయినా భారీ పనిలో నేరుగా 95కి వెళ్లి అక్కడే ఉంటోంది. మా స్నేహితుడి ఐ9-13900కే 100 కొడుతోంది. ఇలా రోజూ నడిస్తే ప్రాసెసర్ పాడవదా?

జవాబు: మీ రైజెన్ తన హద్దును తెలిసే వాడుకుంటోంది. 7000 వరుసలోని 7600ఎక్స్, 7700ఎక్స్, 7950ఎక్స్ లాంటివి 95 డిగ్రీలు వచ్చేదాకా వేగం పెంచుకుంటూ పోయేలా తయారయ్యాయి. పెద్ద కూలర్ పెడితే వేడి తగ్గదు, అదే 95 దగ్గర వేగం కాస్త పెరుగుతుంది. త్రీడీ క్యాష్ (అదనపు మెమరీ పొర) ఉన్న 7800ఎక్స్3డీకి ఆ హద్దు 89. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావాటికి 100. హద్దు తాకితే ప్రాసెసర్ తనంతట తనే నెమ్మదిస్తుంది, దాంతో వెంటనే పాడయ్యేదేమీ లేదు.

పాడవదు కదా అని వదిలేయమని మాత్రం అనం. ఆ చివరి కొద్దిపాటి వేగం కోసం ఎంతో కరెంటు, ఎంతో ఫ్యాన్ హోరు ఖర్చవుతున్నాయి. 7950ఎక్స్ సాకెట్ దగ్గర 230 వాట్ల దాకా, 13900కే 253 దాకా తీసుకోవచ్చు. పైగా కొన్ని మదర్‌బోర్డులు ఇంటెల్ చెప్పిన హద్దును పక్కనపెట్టి బయోస్‌లో 4095 వాట్లు రాసిపెడతాయి, అంటే హద్దే లేనట్టు. మీ స్నేహితుణ్ని బయోస్‌లో పీఎల్1, పీఎల్2 (ఎక్కువసేపు, కొద్దిసేపు వాడగల వాట్ల హద్దులు) అన్న రెండు వరుసలను 125, 253కి మార్చమనండి. మీరు వాట్లు తగ్గించే ఏఎండీ ఎకో మోడ్ సెట్టింగులో 65 వాట్ల తరగతి ఎంచుకుంటే హద్దు 88 వాట్లకు దిగుతుంది. గేముల్లో తేడా దాదాపు తెలియదు, భారీ ఎడిటింగ్‌లో మాత్రం కాస్త తెలుస్తుంది.

రెండో మార్గం వోల్టేజీ తగ్గించడం. ప్రాసెసర్ తాగే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 1.30 నుంచి 1.20కి దింపగలిగితే అదే వేగానికి ఖర్చు 15 శాతం దాకా తగ్గుతుంది. రైజెన్‌లో వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ సెట్టింగును అన్ని కోర్లకూ మైనస్ 10 తో మొదలుపెట్టి, రెండు మూడు రోజులు వాడాక మైనస్ 15కి వెళ్లండి. ఒక చిక్కుంది. ఈ సెట్టింగు మితిమీరితే భారీ పరీక్షలో బాగానే నిలబడి, ఊరికే ఉన్నప్పుడో బ్రౌజర్ తెరిచినప్పుడో రీస్టార్ట్ అవుతుంది. అలా జరిగితే ఒక మెట్టు వెనక్కి రండి.

స్నేహితుడికి మరో మాట చెప్పండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని తేలాక, దాన్ని అదుపు చేసే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల సవరణ) 2024 ఆగస్టు నుంచి బయోస్ అప్‌డేట్ల ద్వారా వస్తోంది. అప్పటికి ముందు బయోస్ ఉంటే ఈరోజే మార్చుకోమనండి. ఇది కూలర్‌తో నయమయ్యే సమస్య కాదు, ఇప్పటికే జరిగిన నష్టాన్ని అప్‌డేట్ కూడా వెనక్కి తేలేదు.

ప్రశ్న: గేమ్ మధ్యలో కంప్యూటర్ ఒక్కసారిగా ఆరిపోతోంది. వేడి వల్లేనా?

జవాబు: ప్రాసెసర్ వేడి వల్ల ఆరిపోయేది అరుదు. ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ అదుపులోకి రాకపోతేనే ఆరిపోతుంది. ఆట తడబడకుండా నున్నగా నడుస్తూ టప్పున ఆరిపోతే ముందు ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించండి. ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నల్-పవర్ 41 అన్నది కంప్యూటర్ సవ్యంగా ఆగలేదని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లాగింగ్ మొదలుపెట్టి ఆడండి. ఆరిపోయాక ఆ ఫైలు తెరిచి చివరి వరుస చూడండి. ప్రాసెసర్ 70, గ్రాఫిక్స్ కార్డు 75 దగ్గర ఉండగానే ఆరిపోయిందంటే అది కరెంటు సమస్యే అయ్యే అవకాశం ఎక్కువ. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన కరెంటు నిలవ ఉంటుంది.

ప్రశ్న: పక్క పలక తీసేసి టేబుల్ ఫ్యాన్ పెడితే 12 డిగ్రీలు తగ్గింది. అలాగే వాడుకోవచ్చా?

జవాబు: పరీక్షగా అది మంచిదే. 12 డిగ్రీలంటే మీ క్యాబినెట్‌కు ఊపిరాడడం లేదని తేలిపోయింది. అలాగే వదిలేస్తే దుమ్ము నేరుగా బోర్డు మీద పడుతుంది, గ్రాఫిక్స్ కార్డు ముందున్న గాలి దారి చెదిరిపోతుంది. మొదట ముందుభాగం జాలీ ఊడదీసి కడిగి ఆరబెట్టండి. చాలాసార్లు అక్కడే సగం అడ్డు ఉంటుంది. తర్వాత ఫ్యాన్ల దిశ చూడండి. ఫ్యాన్ ఎటు నోరు తెరిచి ఉంటే అటు నుంచి గాలి పీల్చి, మోటారును పట్టి ఉంచే కమ్మీలున్న వైపుకు వదులుతుంది. ముందు ఫ్యాన్లు లోపలికి, వెనకా పైనా ఉన్నవి బయటికి ఊదాలి. టవర్ కూలర్ ఫ్యాన్ వెనక ఫ్యాన్ వైపుకే నెట్టాలి. వెనక ఫ్యాన్ తిరగబడి బిగించి ఉంటే రెండూ ఒకదానిమీద ఒకటి ఊదుకుంటాయి. లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదాని కన్నా కొంచెం ఎక్కువగా ఉండేలా చూసుకుంటే జాలీ లేని సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు.

బ్లోయర్‌తో ఊదేటప్పుడు ప్రతి ఫ్యాన్‌నూ వేలితో కదలకుండా పట్టుకోండి. గాలికి విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. గాలి డబ్బా (కంప్రెస్డ్ ఎయిర్ స్ప్రే) వాడితే నిటారుగా పట్టుకోండి, వంచితే చల్లటి ద్రవం చిమ్ముతుంది. అన్నీ బిగించాక కూలర్ ఫ్యాన్ తీగ సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటే గుచ్చారేమో చూడండి. వేరేచోట గుచ్చితే ఆన్ చేయగానే ఫ్యాన్ లేదన్న హెచ్చరిక వచ్చి కంప్యూటర్ అక్కడే ఆగిపోవచ్చు, ప్రాసెసర్ వేడిని బట్టి ఫ్యాన్ వేగం పెరగకపోనూవచ్చు.